ఒక నడుముకు రెండు మొలతాళ్ళు

"చచ్చిపోయిన మనిషి గుండె పొద్దున ఆరున్నర దాకా ఎట్ల కొట్టుకొనింది సార్? ఆ ఒక్కటి చెప్పండి, లేచి పోతాను."

హేమప్రియ ఈ మాట అడగడం అది మూడోసారి. బల్ల అవతల ఇన్స్‌పెక్టర్ ఉదయకుమార్ ఈసారి కూడా తొందరపడలేదు. గ్లాసులో మిగిలిన టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"కొట్టుకోలే మేడం. కొట్టుకున్నట్టు తెర మీద కనిపించింది. అట్ల కనిపించేట్టు చేసింది ఆ సుగన్య. రాత్రి డ్యూటీలో నిద్రపోయింది, అలారం వినలే. లేచి చూసుకొని భయపడి, పాత దినం గుండె చప్పుడును తీసి ఆ దినం మీద అతికించింది. కంపెనీవోళ్ళు రాసిచ్చినారు. ఇంకేం కావాల?"

"అట్ల అతికించేది ఆమెకు తెలుసా?"

"కంప్యూటర్ ముందర కూర్చునేదానికి తెల్దా?"

"మీరూ కంప్యూటర్ ముందరే కూర్చోనుండారు. అతికించి చూపించండి, చూస్తాను."

మూల బల్ల దగ్గర రాసుకుంటున్న కానిస్టేబుల్ తల ఇంకాస్త వంచుకున్నాడు. ఉదయకుమార్ ముఖం ఎర్రబడింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్ళు. హేమప్రియ పదేళ్ళు వేలిముద్రల విభాగంలో పనిచేసి, రాజీనామా ఇచ్చి, కాట్పాడిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్ళిసంబంధాల వాకబులకు తప్ప ఎందుకూ పనికిరాదని ఉదయకుమార్ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను దాచుకోడు కూడా.

జరిగింది ఇది. లత్తేరి రైతు రాఘవులు పోయిన మంగళవారం రాత్రి నిద్రలోనే కన్నుమూశాడు. ఆయన నడుము పక్కన, చర్మం కింద, వడ్లగింజ కన్నా కాస్త పెద్ద సెన్సర్ ఒకటి ఉంది. గుండె తీరు, ఒంటి వేడి, ఊపిరి, అన్నీ అది కనిపెడుతూ ఉంటుంది. ప్రాణసూచి అనే కంపెనీ పరీక్ష కోసం ఈ చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందికి పెట్టింది. జనం దాన్ని గింజ అంటారు. లోపలి గింజ చెప్పేది వినడానికి పైన రూపాయి బిళ్ళంత రీడర్ ఒకటి చర్మానికి ఆనుకుని ఉండాలి. దాన్ని బిళ్ళ అంటారు. బిళ్ళకు ఏ గింజ దగ్గరుంటే ఆ గింజనే వింటుంది. విన్నదాన్ని తన మీద రాసి ఉన్న మనిషి పేరుతో వేలూరులోని కంపెనీ హాలుకు పంపుతుంది. అక్కడ నర్సులు రాత్రింబవళ్ళు తెరల ముందు కూర్చుని చూస్తుంటారు.

బిళ్ళ పెట్టుకోవడానికి కంపెనీ మెత్తని బెల్టులు ఇచ్చింది. ఒక్క మగాడూ కట్టుకోలేదు. పురుటినాడు కట్టిన మొలతాడు ఉండగా నడుముకు ఇంకో పట్టీ ఎందుకని, అందరూ బిళ్ళను మొలతాడుకే వేలాడదీసుకున్నారు.

మంగళవారం రాత్రి తెర ముందు ఉన్న నర్సు సుగన్య. రాఘవులు గుండె తెల్లవార్లూ నిక్షేపంగా కొట్టుకున్నట్టే తెర చూపించింది. పొద్దున వచ్చిన డాక్టరేమో ఒళ్ళు అప్పటికే కొయ్యబారి ఉందనీ, అర్ధరాత్రి దాటిన కాసేపటికే ప్రాణం పోయి ఉంటుందనీ చెప్పాడు. చూడాల్సిన మనిషి చూడలేదని కొడుకు దినకర్ ఫిర్యాదు చేశాడు. కంపెనీ వేలు సుగన్య వైపు చూపించింది. సుగన్యను ఇంటికి పంపేశారు. ఈ సాయంత్రం అరెస్టు. ఆమె తండ్రి అంకప్ప, మేస్త్రీ పని చేసుకునేవాడు, నిన్న హేమప్రియ గుమ్మంలో నిలబడి ఒకే మాట అన్నాడు. "నా బిడ్డ నిద్రపోయే రకం కాదమ్మా."

"ఆ బిళ్ళను ఒకసారి చూపించండి" అంది హేమప్రియ.

ఉదయకుమార్ విసుగ్గానే బీరువా తెరిచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల నల్లటి మొలతాడు, దానికి వేలాడుతూ బిళ్ళ. తాడు ముడి చెక్కు చెదరకుండా ఉంది. ముడికి ఎదురు వైపున ఎవరో బ్లేడుతో కోశారు.

"ఇది ఎవురు తీసినారు?"

"కంపెనీ ఇంజనీరు, సుజిత్. కబురు అందగానే డాక్టర్ కన్నా ముందే వచ్చినాడంట. పీనుగు మీదినించి తెంపి, భద్రంగా మాకు తెచ్చిచ్చినాడు."

"తెంపేటప్పుడు మీరు చూసినారా?"

"ఎన్న మేడం, మొలతాడు తెంపేదానికి కూడా పోలీసు సాక్షి కావాల్నా? అదీ ఒక ఆడమనిషి నన్ను అడగాల్నా?"

"మొలతాడు కట్టేదే ఆడది గదా సార్. మీకు మొదట కట్టింది మీ అమ్మే."

కానిస్టేబుల్‌కు దగ్గు వచ్చింది. హేమప్రియ బల్ల మీది పురికొస ఉండ అందుకుని, కవరు పైనుంచే తాడు పొడవు కొలిచి, అంతే పురికొస తుంచి సంచిలో వేసుకుంది.

"సాయంత్రం జీపు వేలూరికి పోతాది" అన్నాడు ఉదయకుమార్. "మీ పురికొస దాన్ని కట్టేయలేదు."

"చూస్తాం" అంది హేమప్రియ, చెప్పులు వేసుకుంటూ.

బయట వేపచెట్టు నీడలో అంకప్ప మోపెడ్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం రుద్దుకుంటున్నవాడల్లా ఆమెను చూసి చెయ్యి దించేశాడు.

"ఏమన్నాడమ్మా?"

"సాయంత్రం దాకా టైం ఉండాది. లత్తేరికి పోదాం. నువ్వు బండి నడపగలవా అన్నా? అలిసిపోయినట్టుండావు."

"నాకేమమ్మా" అని అతను నడుము దగ్గర చొక్కా మీద తట్టాడు. "నాకూ గింజ ఉండాది గదా. బిళ్ళ కూడా పోయిన వారమే కొత్తది ఇచ్చినారు. ఏమన్నా తేడా వస్తే వేలూరు నుంచి ఫోను కొడతారు. పాప అయినా, వేరేవోళ్ళు అయినా."

రాఘవులు ఇంట్లో ఇంకా కర్మ పూర్తి కాలేదు. ఆయన భార్య కృష్ణమ్మ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. వచ్చినామె సుగన్య తరఫు మనిషని తెలిసి దినకర్ వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"మా నాయన్ని చంపినదాని కోసం వస్తిరా?"

"మీ నాయన ఎట్ల పోయినాడో తెలుసుకునే దానికి వచ్చినాను. తెలిసినాక ఆ పిల్లదే తప్పయితే నేనే తెచ్చి అప్పజెప్తాను."

"రానీ నాయనా" అంది కృష్ణమ్మ లోపలినుంచి. "అడగనీ. నన్ను ఎవురూ ఏమీ అడగలే."

నిజమే. పోలీసులు వచ్చారు, కంపెనీ మనుషులు వచ్చారు, ఆ రాత్రి పక్క గదిలోనే పడుకున్న ముసలామెను మాత్రం ఒక్కరూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. హేమప్రియ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆ రాత్రి ఆయన ఏమన్నా అన్నాడా అమ్మా?"

"అన్నాడు. ఎదలో పట్టేసినట్టుండాది అన్నాడు. లే, కాట్పాడికి డాక్టర్ దగ్గరికి పోదాం, పిల్లోణ్ణి లేపుతానంటి. 'ఎందుకే? నాకేమన్నా అయితే వేలూరు నుంచి ఫోను వస్తాది. రాలేదంటే ఏమీ లేదనే' అన్నాడు. ఫోను తలకాడ పెట్టుకొని పండుకున్నాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ గింజ లేకుండా ఉండింటే పోయుండేవాడమ్మా డాక్టర్ దగ్గరికి. ముందర అట్నే పోయేవాడు."

దినకర్ తల తిప్పుకున్నాడు. ఆ మాట అతనికీ కొత్తదేనని హేమప్రియకు అర్థమైంది.

ఆమె లేచి రాఘవులు పడుకున్న గదిలోకి వెళ్ళింది. మంచం, పక్కన స్టూలు, దాని మీద ఇంకా ఆయన ఫోను. గోడ మేకుకు వెడల్పాటి పచ్చ బెల్టు, పంచె మీద కట్టుకునేది, జేబు ఉన్నది. ఏళ్ళ తరబడి ఒకే చిల్లులో కొక్కెం పెట్టి పెట్టి ఆ చిల్లు సాగిపోయి ఉంది. హేమప్రియ బెల్టును ఆ చిల్లు దగ్గరే బిగించి, సంచిలోని పురికొస తీసి దాని లోపలి చుట్టు వెంబడి పరిచింది. పురికొస కలవలేదు. జానెడు తక్కువ వచ్చింది. మళ్ళీ పరిచింది. మళ్ళీ జానెడే.

"మీ నాయన కడుపున్న మనిషేనా?" అని అడిగింది.

"బాగానే ఉండాది" అన్నాడు దినకర్.

"మరి ఆయన మొలతాడు ఇంత చిన్నదెట్ల?"

గుమ్మంలోంచి కృష్ణమ్మ అందుకుంది. "తాడా? ఆయన ఎప్పుడు తాడు కట్టినాడమ్మా? పెండ్లినాడు మా నాయన పెట్టిన వెండి మొలతాడు. నలుపు తాడు ఆ ఒంటి మీద నేను చూసి ఎరగను."

దినకర్ కళ్ళు చిట్లించాడు. "ఎట్లమ్మా? సుజిత్ నల్లతాడు తెంపినానన్నాడే?"

"నువ్వు చూసినావా?" హేమప్రియ అడిగింది.

"లే. అమ్మ పడిపోయింటే ఆమె దగ్గర ఉండినాను. ఒక నిమిషం బయట ఉండండి, యంత్రం తీసుకుంటానని తలుపు మూసినాడు. వచ్చేటప్పుడు చేతిలో తాడు ఉండాది."

"వెండిది యాడ ఇప్పుడు?"

"కాటికాడ తీసేస్తారు గదమ్మా" అంది కృష్ణమ్మ. "పోయేటప్పుడు మొలతాడు కూడా వెంట రాదంటారు, ఊరికే అన్నారా? మా ఇంటి వాడుకలో తీసిన మనిషికే అది. కాటికాపరి చిన్నమణి దగ్గర ఉంటాది."

కబురు పంపితే చిన్నమణి వచ్చాడు, వాకిట్లోనే నిలబడ్డాడు. అడిగింది విని, మారు మాట్లాడకుండా మడతపెట్టిన తువ్వాల విప్పాడు. వెండి గొలుసు. దాని చివర ఒక బిళ్ళ. మధ్యలో ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

"అమ్మేదానికి మనసు రాలేదమ్మా" అన్నాడు. "దీపం ఆరలే. పెద్దాయన ప్రాణం ఇంకా దాంట్లో ఉండాదేమోనని సామి గూట్లో పెట్టినాను."

హేమప్రియ బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. పేరు రాసే చోట ఏమీ లేదు. ఉత్త దీపం.

"ఇది ఎప్పుడు వచ్చింది?"

"చచ్చిపోయేదానికి వారం ముందు" అన్నాడు దినకర్. ఇప్పుడు అతని గొంతు మారింది. "సుజిత్ ఇంటికొచ్చి, పాత బిళ్ళ సరిగా వినడం లే, కొత్తది పెడతానని పెట్టిపోయినాడు. పాతది తీసుకొని పోయినాడు."

అంటే రాఘవులు పేరున్న పాత బిళ్ళ ఆ రాత్రికి వారం రోజులుగా రాఘవులు ఒంటి మీద లేదు. అయినా అది గుండె చప్పుడు పంపుతూనే ఉంది. గుండె చప్పుడు గాల్లోంచి రాదు. అది ఇంకెవరి నడుమునో ఆనుకుని ఉండాలి, ఆ నడుములోనూ గింజ ఉండాలి, ఆ నడుము సన్ననిది కావాలి.

"గింజ పెట్టుకునేదానికి మీ నాయన ఎట్ల ఒప్పుకున్నాడు?"

"ముందర ఒప్పుకోలే. ఇస్కూల్లో మీటింగు పెట్టి సుజిత్ అందరి ముందర చొక్కా ఎత్తి చూపించినాడు. భయపడొద్దండి, మొదటి గింజ నాకే పెట్టుకున్నానని. ఆ మాటకు..." దినకర్ అక్కడే ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ఇద్దరికీ ఒకే సంగతి తట్టింది.

హేమప్రియ ఉదయకుమార్‌కు ఫోన్ చేసింది. "సార్, ఆ తాడు తీసుకొని గుడియాత్తంలో ప్రాణసూచి ఆఫీసుకు రండి. నా మాట తప్పయితే సుగన్య చెయ్యి పట్టుకొని నేనే మీ జీపు ఎక్కిస్తాను."

"మాట తప్పరు గదా?"

"మీరు మాత్రం తాడు మరిచిపోవద్దు."

ఆఫీసు మేడ మీద. అంకప్ప మెట్లెక్కలేనన్నాడు, కింద మెట్టు మీదే కూర్చున్నాడు. ఉదయకుమార్ వచ్చేసరికి హేమప్రియ సుజిత్ ఎదురుగా కుర్చీలో ఉంది. సుజిత్ సన్నగా, శుభ్రంగా, గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. ఎవరికి నీళ్ళు కావాలో అడిగి మరీ ఇప్పించాడు. మధ్యలో బల్ల మీద ఆమె ఫోను, స్పీకర్ పెట్టి ఉంది. అవతల వేలూరు హాలులో ఆ పూట డ్యూటీ నర్సు యోగిత.

"యోగితా, రాఘవులు వరుస తెర మీద ఉండాదా?"

"ఉండాది మేడం. పోలీసులు ముట్టొద్దన్నారని ఎట్ల ఉన్నది అట్నే పెట్టినారు. చప్పుడు లేదు. గీత అంతే."

"సరి. సుజిత్ గారూ, రాఘవులు ఒంటి మీద మొలతాడు ఏ రంగుది?"

"నలుపు. సార్ దగ్గర ఉంది కదా."

"వెండిది చూడలేదా?"

రెప్పపాటు ఆలస్యమైంది. "గుర్తు లేదు."

"ఒక నడుముకు రెండు మొలతాళ్ళు కట్టే మగాడు ఈ జిల్లాలో లేడు. వెండిది కాటికాడ దొరికింది, మీరిచ్చిన ఉత్త బిళ్ళతో. మరి ఈ నల్లతాడు ఎవురిది? రాఘవులు నడుముకు జానెడు తక్కువ వస్తాది." ఆమె పురికొసను బల్ల మీద పెట్టింది. "మీ నడుముకు సరిపోతాదేమో చూస్తామా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సుజిత్ చెయ్యి చటుక్కున నడుము మీదికి పోయింది. అతనే గమనించుకుని తీసేశాడు. కానీ చూడాల్సినవాడు చూడనే చూశాడు. ఉదయకుమార్ మొండివాడే గానీ గుడ్డివాడు కాదు. కవరు చింపి, నల్లతాడు చేతికి చుట్టుకుని లేచాడు.

"చొక్కా ఎత్తు."

"సార్, వారంట్ లేకుండా..."

"చొక్కా ఎత్తురా అంటే."

గింజ పెట్టిన చోట చిన్న మచ్చ ఉంది. ఉదయకుమార్ రాఘవులు బిళ్ళను దాని మీద అదిమి పట్టాడు. తర్వాత ఫోనులోంచి యోగిత గొంతు వచ్చింది, చాలా మెల్లగా.

"మేడం... రాఘవులు తాత వరుస లేచింది. కొట్టుకుంటా ఉండాది. నూట ముప్ఫై."

చచ్చి, కాలి, బూడిద ఏట్లో కలిసిన మనిషి గుండె అది. ఉదయకుమార్ ఫోను వైపు చూశాడు, తర్వాత తన వేళ్ళ కింద అదురుతున్న సుజిత్ పొట్ట వైపు చూశాడు.

"ఆ పిల్ల ఏమీ అతికించలేదు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "ఆ యమ్మి తెల్లవార్లూ మేలుకొని నీ గుండెను కాపలా కాసింది."

సుజిత్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకొక్క పది రోజులు సార్. రిపోర్టు పంపాల్సి ఉండింది. కొందరిలో గింజలు చెడిపోయాయి. అవి లెక్కలో చూపిస్తే పరీక్ష మొత్తం ఆపేస్తారు. రిపోర్టు పోగానే తీసి కొత్తవి పెడదామనుకున్నాను. వాళ్ళలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ బిళ్ళలే తీసుకున్నాను. ఏమీ కాదనుకున్నాను."

"ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి గింజ ఎందుకయ్యా?" అంది హేమప్రియ, గొంతు పెంచకుండానే. "ఆయన ఎద పట్టుకొని, నీ ఫోను కోసం ఎదురుచూస్తా పండుకున్నాడు."

అప్పుడే ఆమెకు ఒక మాట తగులుకుంది. కొందరిలో, అన్నాడు. ఒకరిలో అనలేదు.

ఫోనులో అలారం మోగింది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి.

"మేడం, ఇంకా నాలుగు వరుసలు ఎర్రగా మారినాయి" యోగిత మాట తడబడింది. "నాలుగూ ఒకేసారి. అన్నిట్లో నూట ముప్ఫయ్యే. ఇప్పుడు నూట నలభై. అన్నీ కలిసి ఎక్కుతా ఉండాయి."

ఉదయకుమార్ సుజిత్‌ను భుజం పట్టి తిప్పాడు. వెనక, ప్యాంటు అంచు కింద, కొత్త మొలతాడుకు నాలుగు బిళ్ళలు వరుసగా వేలాడుతున్నాయి.

"పేర్లు చదువు యోగితా."

"విరించిపురం పుష్పవతి. ఆర్కాడు మునిరత్నమ్మ. గుడియాత్తం బాలా. ఇంకొకటి..." అక్కడ మాట ఆగింది. ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత వచ్చింది యోగిత గొంతు కాదు. ఉద్యోగం లేకపోయినా ఆ హాలు వదిలి పోలేక, స్నేహితురాలి వెనక నిలబడి చూస్తున్న సుగన్య గొంతు.

"మేడం, నాలుగోది మా నాయన. నాయన యాడుండాడు?"

హేమప్రియ ఫోను చేత్తోనే పట్టుకుని లేచింది. పొద్దుటినుంచి బెల్టు చిల్లు చూసింది, తాడు ముడి చూసింది, పక్కనే భుజం రుద్దుకుంటున్న మనిషిని మాత్రం చూడలేదు. కుర్చీ వెనక్కి పడింది. మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వెనకే ఉదయకుమార్ బూట్ల చప్పుడు, జీపు తీయమని డ్రైవర్‌కు వేసిన కేక.

అంకప్ప కింద మెట్టు మీద అలాగే ఉన్నాడు, గోడకు తల ఆనించి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అన్నా, ఏమైతాంది?"

"ఏమీ లేదమ్మా. నిన్నటినించి ఎడమ చెయ్యి లాగుతా ఉండాది. పెద్దదయితే ఫోను వచ్చుండును గదా."

ఆమె చేతిలోని ఫోనులోంచి "నాయనా" అన్న పిలుపు వినిపించింది.

అంకప్ప ముఖం విచ్చుకుంది. చొక్కా అంచు ఎత్తి, మొలతాడుకు వెలుగుతూ ఆరుతూ ఉన్న ఆకుపచ్చ దీపం వైపు చూసుకున్నాడు.

"అదో, పాపే. నేను చెప్పలే అమ్మా, చూస్తా ఉంటారని" అన్నాడు. అంటూనే ఆమె చేతుల్లోకి ఒరిగిపోయాడు.